అట్టమీది బొమ్మ కోసం పాత పుస్తకాలు కొనాలనుకునేవారికి

పుత్తూరులో మీ తాతగారి ఇంట్లో దొరికిన రేకు పెట్టె గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముప్పై దాకా చందమామలు, పాతిక డిటెక్టివ్ పాకెట్ పుస్తకాలు, నాలుగైదు ఇంద్రజాల్ కామిక్స్, రెండు తమిళ కామిక్స్ అన్నారు. కథల కంటే అట్టల మీది రంగు బొమ్మల మీదే మనసు పోయిందని, ఇలాంటివి ఇంకా పోగు చేయాలని ఉందని చెప్పారు. ఎక్కడ వెతకాలి, ఎంత పెట్టాలి, ఎలా దాచాలి, సంతకం లేని బొమ్మ ఎవరిదో ఎలా తెలుస్తుంది, అట్టలు కత్తిరించి ఫ్రేము కట్టించుకోవచ్చా అని అడిగారు. చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. వద్దు. ఈ సమాధానం పూర్తిగా చదివేదాకా కత్తెర ముట్టుకోకండి.

నేను తిరుపతిలో ఒక చిన్న ప్రెస్సులో ఇరవై ఎనిమిదేళ్ళు పనిచేశాను. కాలితో తొక్కే ట్రెడిల్ మిషను దగ్గర మొదలై, బ్లాకులు లేకుండా రబ్బరు చుట్ట మీంచి అచ్చు వేసే ఆఫ్‌సెట్ దాకా వచ్చాను. అట్టల కోసమే పుస్తకాలు కొనడం 1983లో మొదలుపెట్టాను. ఆ పిచ్చి పట్టించిన సంఘటన ఒకటి చెబితే మిగతా అంతా మీకు సులువుగా అర్థమవుతుంది. ఒక నవల అట్ట అచ్చు వేయడానికి మద్రాసు నుంచి బ్లాకులు, అంటే బొమ్మ దించిన లోహపు పలకలు, వచ్చాయి. వాటితోపాటు బ్లాకులకు మూలమైన రంగు బొమ్మ కూడా బోర్డు మీద అలాగే వచ్చింది. కిటికీ దగ్గర నిలబడిన స్త్రీ, వెనక వాన. అట్ట అచ్చయిపోయాక ఆ బొమ్మను ఎవరూ అడగలేదు. ప్రచురణకర్త అడగలేదు, చిత్రకారుడు అడగలేదు. కాగితాల దొంతరకు తేమ తగలకుండా అడుగున పరచిన అట్టముక్కల్లో అదీ ఒకటైంది. కొన్ని నెలల తరువాత నేను దాన్ని తీసి చూస్తే స్త్రీ ముఖం మీద చెద గీతలు ఉన్నాయి. ఇంటికి తెచ్చుకోవాలన్న ఆలోచన నాకు ముందే రానందుకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇది ఒక్క ప్రెస్సు కథ కాదు. మన పాకెట్ పుస్తకాల అట్టలకు వేసిన మూలచిత్రాల్లో చాలావాటి గతి ఇంతే. బ్లాకు తయారయ్యాక బొమ్మ పని అయిపోయినట్టే లెక్క. అందువల్ల మీ పెట్టెలో ఉన్న అట్టను మీరు నకలు అనుకోకండి. లోకంలో ఆ బొమ్మకు మిగిలిన రూపం అచ్చయిన అట్ట ఒక్కటే కావచ్చు. ఏది కొనాలి, ఏది వదలాలి, ఎలా దాచాలి అన్నవన్నీ ఈ ఒక్క విషయం మీదే ఆధారపడతాయి. మొదటి ముద్రణా, అరుదైనదా, రచయిత పేరున్నవాడా అన్నది నేను చూడను. రంగు బతికుందా అన్నదే చూస్తాను. రంగు చెడని మూడో ముద్రణ దొరికితే, వెలిసిపోయిన మొదటి ముద్రణను సంతోషంగా ఇచ్చేస్తాను.

రంగు బతికుందో లేదో తెలియాలంటే ఆ అట్ట ఎలా అచ్చయిందో కొంత తెలియాలి. చిత్రకారుడు బొమ్మను అట్ట కొలతకన్నా పెద్దగా, ఒకటిన్నర రెట్లో రెండు రెట్లో ఉండేలా, మందపాటి బోర్డు మీద పోస్టర్ రంగులతోనో నీటి రంగులతోనో వేసేవాడు. బ్లాకు మేకర్ దాన్ని రంగు ఫిల్టర్ల గుండా, సన్నని గళ్ళ తెర గుండా నాలుగుసార్లు ఫొటో తీసి నాలుగు లోహపు బ్లాకులు చేసేవాడు. పసుపు, ఎరుపు, నీలం, నలుపు. ఒక రంగు ఆరాక ఇంకో రంగు. అదే కాగితం నాలుగుసార్లు మిషను ఎక్కి దిగాలి, నాలుగుసార్లూ అదే చోట పడాలి. వెంట్రుకవాసి జరిగితే చాలు, పెదవి పక్కన పసుపు అంచు తేలుతుంది, కంటి రెప్ప రెండుగా కనిపిస్తుంది. అలా తప్పిన ప్రతిని నేను తీసుకోను. అదే పుస్తకం మరో ప్రతిలో సరిగ్గా పడి ఉంటుంది, ఓపిక పట్టాలి.

నాలుగు బ్లాకులకు డబ్బు పెట్టలేని ప్రచురణకర్తలు మూడింటితో, రెండింటితో సరిపెట్టేవారు. చవకబారు పని అని వాటిని పక్కన పెట్టేస్తారు చాలామంది. నాకు మాత్రం రెండు రంగుల అట్టలంటే ప్రత్యేకమైన ఇష్టం. నీలం, నారింజ రెండే ఉన్నప్పుడు చిత్రకారుడు ముందే లెక్క వేసుకుని గీయాలి. రాత్రి ఎక్కడ, దీపం ఎక్కడ, కాగితపు తెలుపును ఎక్కడ వదిలేయాలి అని. కారు దీపాల వెలుగును ఏ రంగూ వేయకుండా ఉత్త కాగితంతో చూపించిన అట్ట ఒకటి నా దగ్గర ఉంది. నాలుగు రంగుల అట్టలు ఎన్నో దాని ముందు నిలవవు.

పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ఒకటి కొనండి. గడియారాలు బాగుచేసేవారు కంటికి పెట్టుకునేది సరిపోతుంది. దానితో అట్టను చూస్తే రంగులు చుక్కలుగా విడిపోతాయి. పాత బ్లాకు అచ్చులో ఒక్కొక్క చుక్క అంచున సిరా నొక్కుకుపోయి చిన్న వలయంలా చిక్కగా ఉంటుంది. మధ్యలో కొంచెం పలచన. అట్ట వెనక్కి తిప్పి వేలితో తడిమితే పేరు అక్షరాల దగ్గర ఎత్తుపల్లాలు తగులుతాయి. ఆఫ్‌సెట్ అచ్చులో చుక్క చదునుగా, ఒకే తీరుగా ఉంటుంది, వెనక ఏమీ తగలదు. కంప్యూటర్ ప్రింటరు మీద తీసిన నకలులో చుక్కలకు వరస ఉండదు, రంగుపొడి చల్లినట్టు చెదిరి ఉంటాయి. ఈ మూడు తేడాలూ మీ పెట్టెలోని పుస్తకాలు, ఈ మధ్య వచ్చిన ఏదైనా పుస్తకం పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం చూస్తే పట్టుబడతాయి. నేను ఈ పని చేయకుండా ఒకసారి ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకున్నాను. లోపలి పుటలు నిజంగానే పాతవి. అట్ట మాత్రం రంగు నకలు తీసి అతికించింది. ఫొటోలో ఎంతో బాగుంది, భూతద్దం కింద అరనిమిషంలో తేలిపోయింది.

వెలిసిపోయినదాన్ని గుర్తించడం ఇంకా సులువు. ఎండకూ ట్యూబులైటుకూ ముందు పోయేవి ఎరుపు, పసుపు. నీలం, నలుపు నిలుస్తాయి. అందుకే కొట్టు ముందు తాడుకు వేలాడదీసిన పుస్తకాల మీద మనుషులందరూ నీలిముఖాలతో ఉంటారు. అది చిత్రకారుడి ఉద్దేశం కాదు. అట్ట లోపలికి మడిచిన అంచు ఉంటే తెరిచి అక్కడి రంగును ముందరి రంగుతో పోల్చండి. పుస్తకం పుట్టిననాటి ఎరుపు ఆ మడతలో ఉంటుంది.

ఇక కాలం. చాలా పాకెట్ పుస్తకాల మీద ముద్రించిన సంవత్సరం ఉండదు. ధర చూడండి. అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్ 1కి ముందుది కావచ్చు, దశాంశ నాణేలు వచ్చింది ఆ రోజునే. నయా పైసలు అని ఉంటే దాదాపుగా 1957కూ 1964కూ మధ్యది. 1964 జూన్ నుంచి నయా అన్న మాట తీసేసి పైసలు అన్నారు. ఆ తరువాత చిరునామా చూడండి. మద్రాసు-26 అని రెండంకెలతో ఆగిపోతే 1972కు ముందుది కావచ్చు. ఆరంకెల పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. తెలుగులోనో ఇంగ్లీషులోనో చెన్నై అని ఉంటే 1996 నాటిదో, ఆ తరువాతిదో. ఒక హెచ్చరిక ఉంది. పాత సరుకు మీద కొత్త ధర చీటీ అంటించి అమ్మడం మామూలే, పాత చిరునామా బ్లాకునే చాలాకాలం వాడటమూ మామూలే. రెండు మూడు గుర్తులు కలిస్తేనే నమ్మండి. ఈ గుర్తులన్నీ ఎక్కడుంటాయో గమనించారా? అట్ట వెనక, అట్ట లోపలి వైపు, మొదటి పుట మీద. బొమ్మను కత్తిరించి ఫ్రేములో పెట్టిన మరుక్షణం అది ఏ ఊరిదో, ఏ ఏడాదిదో, ఏ కథకు వేసిందో చెప్పే సాక్ష్యం పోతుంది. కత్తెర వద్దని అన్నది ఇందుకే.

చందమామల విషయం వేరు. వాటికి నెల, సంవత్సరం ఉంటాయి కాబట్టి కాలం పేచీ లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ మొదలుపెట్టారు. ముఖచిత్రాల వరకు మీరు ముఖ్యంగా ఎరిగి ఉండవలసిన పేర్లు ఎం.టి.వి. ఆచార్య, వపా అని పిలిచే వడ్డాది పాపయ్య, శంకర్. లోపలి బొమ్మల్లో చిత్ర అన్న పేరుతో వేసిన చిత్రకారుడి సంతకం కూడా తప్పక కనిపిస్తుంది. 1950ల నాటి సంచికలుంటే ఆచార్య గారి పని మీద కాసేపు ఆగండి. పురాణ పాత్రలకు ఆయన ఇచ్చిన శరీరాలు బరువున్నవి, నేల మీద నిలబడినవి. నగ మీద వెలుగు ఎటునుంచి పడుతుందో చేయి మీదా అటునుంచే పడుతుంది. వపా గారి దగ్గరికి వస్తే ఆ బరువు కరిగిపోతుంది. శ్రీకాకుళంలో 1921లో పుట్టి 1992లో పోయిన ఆయన చందమామకూ యువ పత్రికకూ వేసిన బొమ్మల్లో రంగు ఒకదానిలోంచి ఇంకొకదానిలోకి ఎక్కడ మారిందో కన్ను పట్టుకోలేదు. అచ్చులో సరిగ్గా దించడం కష్టమైన బొమ్మలు అవి. కాబట్టి వపా అట్ట కొనేటప్పుడు ఒకే సంచిక రెండు మూడు ప్రతులు పోల్చి చూడగలిగితే ఎంతో మేలు. ఒకదానిలో బుగ్గ మీది గులాబీ రంగు ఉంటుంది, రెండోదానిలో పలచబడి ఉంటుంది, మూడోదానిలో పసుపే మిగులుతుంది. శంకర్ గారు 1952లో చేరి దశాబ్దాల పాటు చందమామతోనే ఉన్నారు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టి నడిచే విక్రమార్కుడి బొమ్మ ఆయనదే. 2020లో ఆయన పోయినప్పుడు నా దగ్గరున్న పాత సంచికలన్నీ నేల మీద పరుచుకుని ఒక పూటంతా చూస్తూ కూర్చున్నాను.

మన వైపువారికి ఉన్న ఒక సౌకర్యం గురించి చెప్పాలి. చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు ఇళ్ళలో తెలుగూ తమిళమూ రెండూ చదివేవారు. పాత కట్టల్లో చందమామల మధ్య అంబులిమామలు తప్పకుండా దొరుకుతాయి. చాలా ఏళ్ళపాటు రెండింటికీ ముఖచిత్రం ఒకటే. తెలుగు ప్రతి అట్ట చిరిగిపోయి ఉంటే అదే బొమ్మ తమిళ పేరు కింద నిగనిగలాడుతూ దొరకవచ్చు. కొన్ని భాషల సంచికల్లో ఒకే బొమ్మ నెల అటూ ఇటూగా వచ్చిన సందర్భాలూ ఉన్నాయి కాబట్టి నెల కలవలేదని వదిలేయకండి. నేను చిత్తూరులో కొన్న మంచి అట్టల్లో చాలావాటి మీద ఉన్నది తమిళ అక్షరాలే. మీ పెట్టెలోని రెండు తమిళ కామిక్స్ కూడా పారేయకండి. శివకాశి నుంచి వచ్చిన ముత్తు, 1984లో మొదలైన లయన్ లాంటి కామిక్స్‌కు అట్టబొమ్మలు వేసినవారిలో క్యాలెండర్ బొమ్మల చేయి తిరిగినవారు ఉన్నారు. విదేశీ కథానాయకుడి వెనక ఆకాశం మన పటాల్లోని ఆకాశంలా ఎర్రగా, బంగారంగా ఉంటుంది. ఆ కలయిక మరెక్కడా దొరకదు.

ఇంద్రజాల్ కామిక్స్ 1964 మార్చిలో ఫాంటమ్‌తో మొదలై 1990 దాకా వచ్చాయి. తొలి సంచికల ముఖచిత్రాలు బి. గోవింద్ గారివి. లోపలి బొమ్మలు అమెరికా నుంచి వచ్చినవైనా అట్ట మాత్రం ఇక్కడ రంగులతో కొత్తగా వేసింది. కాబట్టి మీ దగ్గరున్నవాటి సంఖ్య ఎంతో చూడండి. చిన్న సంఖ్య ఉంటే పక్కన పెట్టుకోండి. అమర్ చిత్ర కథలకు మాత్రం మళ్ళీ మళ్ళీ ముద్రణలు వచ్చాయి. తొందరపడి ఎక్కువ ఇవ్వకండి, ధర, చిరునామా చూసి పాతదని తేలాకే తీసుకోండి.

ఇంగ్లీషు పాకెట్ పుస్తకాల గురించి మీరు అడగలేదు గానీ తిరుపతిలో పాత పుస్తకాలు వెతికేవారికి అవి ఎదురవుతూనే ఉంటాయి. ఊరికి వచ్చీపోయే జనం ఎక్కువ, రైల్లో చదివి వదిలేసినవి చివరికి కాలిబాట మీదికే చేరతాయి. ఫోంటానా ప్రచురణ సంస్థ వారి అగాథా క్రిస్టీ నవలలకు టామ్ ఆడమ్స్ 1962 నుంచి వేసిన బొమ్మలు కనబడితే వదలకండి. హత్య చూపించకుండా ఒక పువ్వు, ఒక పురుగు, పగిలిన గాజు లాంటి వస్తువులతోనే భయం పుట్టిస్తాడు. పాన్ అన్న మరో ప్రచురణ సంస్థ వారి పాత అట్టల మీద పెఫ్ అన్న సంతకం ఉంటే అది శామ్ పెఫర్ పని.

ఇక మన డిటెక్టివ్ పుస్తకాలు. నా మనసంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువ చెబుతాను. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నుంచి మధుబాబు గారి షాడో దాకా కొన్ని దశాబ్దాలు ఈ పుస్తకాలు ఊరూరా చేతులు మారాయి. రచయితల పేర్లు అందరికీ తెలుసు. అట్ట వేసినవారి పేర్లు చాలావరకు తెలియవు. మద్రాసులోనో, విజయవాడలోనో ఒక గదిలో కూర్చుని ఇచ్చిన గడువుకు బొమ్మ అందించినవారు వాళ్ళు. కథ అంతా చదివే వ్యవధి ఉండేది కాదు. దీపస్తంభం, వాన, పొగ, సగం వెలుగు పడిన ముఖం, దూరాన కారు, వీటినే ఎన్ని విధాలుగా మార్చి వేశారో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. సినిమా పోస్టర్ల ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. ముందు పెద్ద ముఖం, వెనక చిన్నగా సంఘటన. బాపు గారి అట్టలైతే ఎక్కడున్నా తెలిసిపోతాయి. అక్కడ గీత, అక్షరం కలిసి నడుస్తాయి, సంతకం వెతకాల్సిన పని లేదు. మిగతావారి కోసమే వెతకాలి.

సంతకం లేని అట్టను ఇలా పట్టుకోవచ్చు. ముందు లోపలి మొదటి పుట వెనక చూడండి. ముఖచిత్రం అనో, అట్ట ముద్రణ అనో ఒక చిన్న వరస ఉంటుంది. అట్టను వేరే ప్రెస్సులో వేయించినప్పుడు ఆ పేరు విడిగా రాసేవారు. అక్కడ లేకపోతే బొమ్మ కింది అంచును గీత గీతగా వెతకండి. చెప్పు పక్కన, రాతి నీడలో, చీర కుచ్చిళ్ళ మడతలో రెండక్షరాలు దాగి ఉండవచ్చు. అంచు దగ్గర ఏమీ లేకపోతే అది కోతలో పోయి ఉండవచ్చు. బైండింగు చేసేటప్పుడు మూడువైపులా కత్తిరిస్తారు, సంతకం సాధారణంగా ఉండేది కింది మూలనే. అందుకే అదే పుస్తకం కోత తక్కువ పడిన ప్రతి కోసం చూడాలి. ఇంకొకటి, బ్లాకులు ఖరీదైనవి కాబట్టి ఒకే బొమ్మను పేరు మార్చి వేరే నవలకు వాడటం ఉండేది. అందుకని నేను పుస్తకాల పేర్ల వరసలో కాకుండా బొమ్మల వరసలో ఫొటోలు తీసి దాచుకుంటాను. స్త్రీ ముఖాలు ఒక చోట, వాన రాత్రులు ఒక చోట, కార్లు ఒక చోట. ఇలా పెడితే ఒకే చేయి పది పుస్తకాల మీద కనబడుతుంది. చెవులు వేసే తీరు, వేళ్ళు ముగించే తీరు ఏ చిత్రకారుడూ మార్చుకోలేడు.

ఎక్కడ వెతకాలన్నది చెబుతాను. పేరున్న పాత పుస్తకాల కొట్లలో ఇప్పుడు పోటీ పరీక్షల పుస్తకాలే ఎక్కువ. మీరు వెళ్ళాల్సింది పాత పేపర్లు తూకానికి కొనే కొట్లకు. అందులోనూ సంక్రాంతికి ముందు వారం. భోగికి ఇల్లు దులిపి అటక మీది సరుకంతా దించుతారు. కొంత మంటలోకి పోతుంది, కొంత తూకానికి పోతుంది. ఆ వారం నేను రోజూ పొద్దున్నే నాలుగు కొట్లు తిరుగుతాను. కొట్టు యజమానికి మీరు ఎలాంటి పుస్తకాలు కావాలంటున్నారో రెండు అట్టలు ఫోనులో చూపించి, తూకం ధరకు కొంత కలిపి ఇస్తానని ముందే చెప్పి ఉంచండి. మాట నిలబెట్టుకుంటే ఆయనే ఫోను చేస్తాడు. రెండో చోటు మూతపడిన అద్దె పుస్తకాల షాపులు. చిత్తూరులో అలాంటి ఒక ఇంటి వెనక గదిలో గోనెసంచుల్లో దొరికినవే నా సేకరణలో పావు వంతు. అద్దె పుస్తకాలంటే ముద్రలు, సంఖ్యలు, దబ్బనంతో పొడిచి దారం కుట్టిన రంధ్రాలు ఉంటాయని చాలామంది వదిలేస్తారు. కానీ ఆ షాపువాళ్ళు అట్ట చెడకుండా పైన ఖాకీ కాగితం వేసేవారు. ముప్పై ఏళ్ళు వెలుగు తగలకుండా దాని కింద ఉన్న ఎరుపు, నిన్న అచ్చయినట్టు ఉంటుంది. ఆ కాగితాన్ని లాగకండి. అంచున అతికించిన చోట పత్తితో కొంచెం తడి తగిలించి, ఆగి, మెల్లగా విడదీయండి. తడి బొమ్మ వైపు రాకూడదు. చేయి వణుకుతుంటే ఆ రోజు వదిలేయండి.

మద్రాసుకు ఉదయం రైలెక్కి సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్‌లో సాయంత్రం దాకా వెతికి వచ్చిన రోజులు నాకు రెండేళ్ళే దక్కాయి. 1985 మే నెలాఖరున అది కాలిపోయింది. ఇప్పుడు దూరం వెళ్ళాలనుకుంటే హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం కాలిబాట పుస్తకాలు చూడండి, విజయవాడలోనూ పాత పుస్తకాల కొట్లున్నాయి. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు ఎండపొద్దున, తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో తీసి పంపమని అడగండి. ఆ తెలుపు తెల్లగా కనిపిస్తే అట్ట రంగు నమ్మవచ్చు. పంపనంటే కొనకండి.

ధర గురించి ఒకే మాట. వయసు చూసి కాదు, బొమ్మ చూసి ఇవ్వండి. పాతది కాబట్టి వేలు అనేవారి దగ్గర ఆగకండి. ఈ పుస్తకాలు వేల సంఖ్యలో అచ్చయ్యాయి, మళ్ళీ కనబడతాయి. అయితే రంగు చెడని వపా అట్ట, సంతకం ఉన్న డిటెక్టివ్ అట్ట కనబడితే బేరం సాగదీయకండి. తూకానికి అమ్మే పెద్దాయనకు వస్తువు విలువ తెలియకపోతే మీరే తెలిసినంత చెప్పి న్యాయమైన మొత్తం ఇవ్వండి.

దాచడం. మన ఊరి మే నెల ఎండ, నవంబరు వాన, రెండూ కాగితానికి శత్రువులే. 2021 నవంబరులో తిరుపతిలో వచ్చిన వరద నీరు మా ఇంట్లో కింది అరను ముంచింది. నలభై పుస్తకాలు తడిశాయి. నేను చేసిన తప్పు వాటిని అలాగే దొంతరగా ఎండలో పెట్టడం. నున్నటి అట్ట కాగితం తడిసి ఒకదానికొకటి తగిలి ఆరితే అతుక్కుపోతుంది, తరువాత ఎవరూ విడదీయలేరు. పన్నెండు అట్టలు అలా పోయాయి. మిగిలినవాటిని ఒక్కొక్కటీ విడివిడిగా ప్లాస్టిక్ సంచిలో పెట్టి, తెలిసినవారి ఐస్‌క్రీం కొట్టులోని డీప్ ఫ్రీజర్‌లో ఉంచాను. గడ్డకట్టినంతకాలం బూజు పట్టదు, అతుక్కోదు. తరువాత రోజుకు రెండు చొప్పున తీసి, పుటల మధ్య తెల్ల కాగితాలు మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టాను. అవి బతికాయి. పురుగు పట్టిన పుస్తకానికి కూడా ఇదే వైద్యం. గాలి చొరబడని సంచిలో కట్టి వారం పాటు ఫ్రీజర్‌లో పెట్టి, తీశాక సంచి విప్పకుండా ఒక రోజు బయట ఉంచి అప్పుడు తెరవండి.

మామూలు రోజుల్లో పుస్తకాలు నేలకు జానెడు ఎత్తున, బయటి గోడకు ఆనకుండా ఉండాలి. బొమ్మ పైన వేసే తొడుగు పాలీప్రొపిలీన్‌దో, పాలిస్టర్‌దో కావాలి. మెత్తగా సాగుతూ ఘాటు వాసన వచ్చే పీవీసీ తొడుగులు కొన్నేళ్ళకు సిరాను తమవైపు లాక్కుంటాయి. వెనక ఆమ్లం లేని బోర్డు దొరికితే మంచిది, లేకపోతే మందపాటి డ్రాయింగ్ కాగితం పెట్టి రెండు మూడేళ్ళకోసారి మార్చండి. సెల్లోటేపు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, లామినేషన్ అసలే వద్దు. ఎండిన వేపాకు అరలో చల్లవచ్చు గానీ పుటల మధ్య పెట్టకండి, మరక పడుతుంది. పాత బైండింగుల్లో వెన్ను దగ్గర పచ్చగా నీలంగా మరక ఉంటే భయపడకండి. పురుగు పట్టకుండా మైదా జిగురులో మైలుతుత్తం కలిపేవారు, అది ఆ ఛాయ. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

గోడ మీద పెట్టుకోవాలన్న మీ కోరిక తప్పు కాదు. అట్టను అసలు కొలతలోనే అంగుళానికి ఆరువందల చుక్కల చొప్పున స్కాన్ చేయించి, ఆ నకలును ఫ్రేము కట్టించుకోండి. పుస్తకం చీకట్లో ఉంటుంది, బొమ్మ మీ ఎదురుగా ఉంటుంది. ఇంట్లో చూసుకోవడం వరకు సరే. ఆ నకళ్ళు అమ్మాలనుకుంటే మాత్రం ఆగండి. మన చట్టం ప్రకారం చిత్రకారుడు పోయిన తరువాతి ఏడాది నుంచి అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. వపా గారి బొమ్మలకు అది 2052 చివరిదాకా నడుస్తుంది.

చివరగా మీరు ఫొటో పంపిన ఎర్రచీర స్త్రీ, వెలుగుతున్న కిటికీ ఉన్న అట్ట. అదే బొమ్మ నా దగ్గర మరో నవల మీద ఉంది. పేరు వేరు, ప్రచురణకర్త వేరు, అక్షరాల రంగు వేరు. నా ప్రతికి కింద మీదానికన్నా పావు అంగుళం తక్కువ మిగిలింది, ఆ అంచున ఒక అక్షరం పై సగం కనిపిస్తోంది. మ కావచ్చు, య కావచ్చు. మీ పుస్తకం వెన్ను దగ్గర అట్ట లోపలికి మడిచిన చోట కింది మూలను భూతద్దంతో చూసి, పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టండి. ఆ అక్షరం మిగతా సగం మీ ప్రతిలో ఉండే అవకాశం ఉంది.